ముప్పై ఆరు నిమిషాల షాటు

“ఐదింటికి మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి వదినా. ఇప్పుడు రెండున్నర. ఈ టైము కూడా అన్నయ్య మొహం చూసి ఇస్తున్నా” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మీ అన్నయ్య మొహం ఇరవై తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. దాన్ని చూసి ఎవరూ ఏమీ ఇవ్వరు గానీ, ముందు ఆ వీడియో పెట్టు” అంది డిటెక్టివ్.

ఇరవై రెండేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, మిగిలిన తెలివితేటలు వృథాగా పోవడం ఇష్టంలేక ఈ వృత్తిలోకి దిగిన మనిషి ఆవిడ. సొంత మరిది పోలీసు ఇన్‌స్పెక్టర్ కావడం ఆవిడ అదృష్టమని చుట్టాలంటారు. చుట్టాలకేం, ఏమైనా అంటారు. భోజనాల దగ్గర ఒద్దికగా ఉండే ఆ ఇద్దరూ కేసు దగ్గరికొచ్చేసరికి ఉప్పూ నిప్పూ.

సినిమాలకు గ్రాఫిక్స్ చేసే స్టూడియో అది. బయట రిసెప్షన్ సోఫాలో ఒక పెద్దావిడ ఎనిమిది నెలల మనవరాలిని భుజాన వేసుకుని కూర్చుని ఉంది. డిటెక్టివ్‌ను పిలిపించింది ఆవిడే. “మా కోడలికి నోరెక్కువ, నిజమే. నాతో రోజుకు రెండు పూటలా పోట్లాడుతుంది. కానీ మనిషి ప్రాణం తీసే రకం కాదమ్మా. ఈ పసిది తల్లిపాలు తప్ప ఇంకేమీ ముట్టదు. నిన్నటి నుంచీ డబ్బాపాలు పడుతుంటే ఉమ్మేస్తోంది. దాన్ని జైల్లో పెడితే దీన్ని నేనెలా బతికించుకోను?” అని పొద్దున ఫోనులో ఏడ్చింది. కోడలి తరఫున అత్తగారు డిటెక్టివ్‌ను పెట్టుకోవడం ఈ డిటెక్టివ్ వృత్తిజీవితంలో అదే మొదటిసారి. అందుకే చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టి వచ్చింది.

తెర మీద కారిడార్ కనిపించింది. మూలన గంటలూ నిమిషాలూ సెకన్లూ పరుగెడుతున్నాయి. నిన్నటి తేదీ. మూడూ అయిదుకి ఆ కోడలు చేతిలో సంచీతో వచ్చి, ఎడమవైపు తలుపు దాటి, చివరనున్న స్టోర్ రూములోకి వెళ్ళింది. మూడూ పాతికకి బయటికి వచ్చింది. తిరిగి వెళ్తూ ఎడమవైపు తలుపు దగ్గర ఆగి, గడియ మీద చెయ్యి వేసి, నాలుగు సెకన్లకి కదిలిపోయింది.

“ఆ తలుపు రెండర్ గదిది” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “బొమ్మల్ని లెక్కగట్టి తేల్చే రెండొందల మెషీన్లున్న గది. దాన్ని చూసుకునే పెద్దాయన లోపలున్నాడు. బయట గడియ పడింది, మంటలార్పే గ్యాస్ మీట ఎవరో నొక్కారు. ఆ గ్యాస్ గదిలో గాలి లేకుండా చేస్తుంది. మూడూ నలభైకి సూపర్‌వైజర్ వెళ్ళి చూసేసరికి ఆయన స్పృహలో లేడు. గడియ వేసే ఉందనీ, తనే తీశాననీ సూపర్‌వైజర్ చెప్పాడు. ఇప్పటికీ ఆసుపత్రిలో అలాగే ఉన్నాడు. గడియ మీద ఈ అమ్మాయి వేలిముద్రలున్నాయి. పొద్దున పదకొండింటికి ఆయనతో గొడవపడి, ‘మీరు పోతే గానీ నా షాటు పూర్తవదు’ అంది. పదిమంది విన్నారు. మూడు నుంచి మూడూ ముప్పై ఆరు దాకా ఈ కారిడార్లో ఇంకో పురుగు కూడా తిరగలేదు. ఇంకేం కావాలి?”

“ఇదే ఇంకోసారి కావాలి” అంది డిటెక్టివ్.

మూడుసార్లు చూసింది. ఏ తప్పూ కనిపించలేదు.

కోడలు మీటింగ్ రూములో ఉంది. పక్కన ఒక మహిళా కానిస్టేబుల్. ఆ అమ్మాయి ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, ఇప్పుడు ఎవరి మీద కోప్పడాలో తెలియని స్థితికి వచ్చింది.

“స్టోర్ రూములో ఇరవై నిమిషాలు ఏం చేశావమ్మా?”

“పాలు తీసుకుంటానండీ. రోజూ మూడింటికి. ఇంట్లో ఫోను ఆన్ చేసి పాపని చూపిస్తారు మా అత్తయ్య. దాన్ని చూస్తే గానీ పాలు రావు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి, బయట ఏమీ వినబడదు.”

“గడియ ఎందుకు ముట్టుకున్నావు?”

“వేసుంటే తీశాను! ఎన్నిసార్లు చెప్పాలండీ? రెండర్ గది పెద్దాయన, మేమంతా బాబాయ్ అంటాం, ఆయన చెప్పులు బయటే ఉన్నాయి. లోపల దుమ్ము పడకూడదని ఆయన చెప్పులు విడిచి వెళ్తాడు. మనిషి లోపలుంటే బయట గడియ ఎవరు పెట్టారో అనుకుని తీసి వెళ్ళిపోయాను.”

“తలుపు తీసి చూడలేదా?”

ఆ అమ్మాయి తల దించుకుంది. “పొద్దున అంత గొడవయ్యాక ఆయన మొహం చూడాలనిపించలేదు.”

“గొడవెందుకు?”

“నా షాటులో పొగ ఉంది. ఫ్రేముకి పదినిమిషాలు పట్టాలి. మెషీన్ల లిస్టులో చూస్తే నలభై చూపిస్తోంది. ‘నీ పొగ నా మెషీన్లన్నిటినీ తినేస్తోంది’ అని బాబాయ్ నా పని మధ్యలో ఆపేశాడు. నేనూ నోటికొచ్చింది అనేశాను.”

ఒకరు తీసిన ఆకాశం, ఇంకొకరు కట్టిన ఇల్లు, మెషీన్లు లెక్కగట్టి తేల్చిన పొగ, వీటన్నిటినీ అతుకు కనబడకుండా ఒకే బొమ్మగా కలపడం ఆ అమ్మాయి పని. కంపోజిటింగ్ అంటారట. డిటెక్టివ్‌కు ఆ మాట అప్పుడే తెలిసింది, అది వినగానే ఒక అనుమానమూ పుట్టింది. మరిదిని బతిమాలి ఆ వీడియోను రెండు నిమిషాలపాటు ఆ అమ్మాయికి చూపించింది.

“ఇందులో ఎక్కడైనా అతుకుందా?”

అమ్మాయి తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూసింది. పాత కెమెరా కాబట్టి బొమ్మంతా నలుసులు కదులుతుంటాయనీ, ఏదైనా అతికిస్తే అక్కడ నలుసులు ఆగిపోతాయనీ చెప్పింది. ఇక్కడ ఎక్కడా ఆగలేదు. నీడలు సరిగ్గానే ఉన్నాయి, అంచులూ శుభ్రంగా ఉన్నాయి.

“కనబడటం లేదండీ. ఒకవేళ ఉంటే మాత్రం, చేసినవాడు నాకన్నా మంచి పనివాడు” అంది. తన మెడకు చుట్టుకునే మాటని తెలిసి కూడా నిజమే చెప్పింది. ఆ మాటతో డిటెక్టివ్‌కు ఆ అమ్మాయి మీద పూర్తిగా నమ్మకం కుదిరింది.

“ఆ అమ్మాయికన్నా మంచి పనివాళ్ళు ఇక్కడెవరున్నారు?” అని బయట ఒకరిద్దరిని అడిగింది. అందరూ ఒకే పేరు చెప్పారు. సూపర్‌వైజర్.

సూపర్‌వైజర్ మాట మెత్తగా ఉంటుంది. మనిషి ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుంటాడు.

“కెమెరా రికార్డర్ మీ గదిలోనే ఉందట కదా. నిన్న సాయంత్రం అడిగితే వీడియో ఇవాళ పొద్దున పదింటికి ఇచ్చారట?”

“పాత మెషీను మేడమ్. మొరాయించింది. రాత్రంతా కూర్చుని బాగుచేశాను.”

“పాపం, నిద్ర కూడా లేదన్నమాట.”

“ఆ అమ్మాయిని నేనే ఉద్యోగంలో పెట్టుకున్నాను. నా చెల్లెల్లాంటిది. చాలా బాధగా ఉంది” అన్నాడు. చెల్లెలి గురించి చెబుతూ ఒక కన్ను గోడ గడియారం మీద వేశాడు. డిటెక్టివ్ ఇంకేమీ అడగకుండా లేచింది.

మూడూ ఇరవైకి కారిడార్లో నిలబడింది. పదకొండు అడుగుల పొడవు. పైన కెమెరా. ఎడమవైపు రెండర్ గది తలుపు, దానికి బయట గడియ, పక్కనే గాజుమూత కింద గ్యాస్ మీట. గుమ్మం ముందు ఒక జత రబ్బరు చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. కుడివైపు స్టాండు మీద తలకిందులుగా నీళ్ళ క్యాన్. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని నేల చూసింది, గోడ తడిమింది, కుర్చీ ఎక్కి కెమెరా చూసింది. ఏమీ దొరకలేదు. గడియారం చూసుకుంటే మూడూ నలభై. లోపల భయం మొదలైంది. రిసెప్షన్ నుంచి పసిపిల్ల ఏడుపు సన్నగా వినిపిస్తోంది.

గొంతు ఎండిపోయి నీళ్ళు పట్టుకుంది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, ఎదురుగా ఉన్న క్యాన్‌ను ఊరికే చూస్తూ నిలబడింది. క్యాన్ మీద నీళ్ళ కంపెనీ వాళ్ళ చీటీ. అరచేతి వెడల్పున, మిరపపండంత ఎర్రగా ఉంది. నీళ్ళు కొంగు మీద ఒలికాయి.

పరీక్ష హాల్లో ఇరవై రెండేళ్ళు తిరిగిన కళ్ళవి. కాపీ కొట్టినవాణ్ణి తప్పు జవాబు పట్టివ్వదు. పక్కవాడి పేపర్లో ఉన్న కొట్టివేత కూడా లేకుండా వాడు శుభ్రంగా రాసుకున్న చోటే దొరుకుతాడు. ఆ వీడియోలో ఇంత ఎర్రటి చీటీ ఆవిడ చూడలేదు. మూడుసార్లు చూసినా చూడలేదు.

“మరిదీ!” అని కేక పెట్టింది. పక్కన కానిస్టేబుళ్ళున్నారన్న సంగతి కూడా మర్చిపోయింది.

ఇన్‌స్పెక్టర్ మొహం మాడ్చుకుంటూ వచ్చాడు. “క్యాన్ కదా వదినా, ఎవరో తిప్పి ఉంటారు. చీటీ గోడవైపు పోయుంటుంది. దీనికోసం నా కేసు ఆపమంటావా? పైవాళ్ళు నన్ను—”

“పైవాళ్ళ సంగతి తర్వాత. మూడింటికి ముందు ఒక్క సెకను చూపించు.”

రెండూ యాభై తొమ్మిదీ యాభై తొమ్మిది. చీటీ ఎర్రగా ఉంది. మూడు గంటలు. చీటీ లేదు. మూడూ ముప్పై అయిదూ యాభై తొమ్మిది దాకా లేదు. మూడూ ముప్పై ఆరు అయ్యేసరికి మళ్ళీ ప్రత్యక్షం.

“ఒక్క సెకనులో తిప్పారా? మళ్ళీ ఒక్క సెకనులో వెనక్కి తిప్పారా? తిప్పిన చెయ్యేదీ? కారిడార్లో పురుగు కూడా తిరగలేదన్నావుగా!”

“వీడియో తేడా అయ్యుంటుంది. పాత కెమెరా.”

“పాత కెమెరాకి ఎరుపు మీదే కోపమా? నీకు పెళ్ళిచూపుల్లోనూ ఇంతే. అందరికీ కనబడింది నీకు కనబడలేదు.”

“ఆఫీసు విషయాల్లో ఇంటి విషయాలు తేవద్దు మేడమ్” అన్నాడు ఇన్‌స్పెక్టర్, కానిస్టేబుళ్ళ వైపు చూడకుండా. కానీ వీడియోను వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత ఇంకోసారి. అతను మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. చూస్తూ చూస్తూ మీసం కింద చెమట తుడుచుకున్నాడు.

“అంత తెలివిగా చేసినవాడు ఇంత ఎర్రటి చీటీ మర్చిపోతాడా?”

“మర్చిపోలేదు. ఎవరో తుడిచేశారు. ఇక్కడ తుడిచే పని ఎవరిది?”

ఆ మాట అడిగితే ఆఫీసంతా ఒకే బల్ల చూపించింది. ఆ బల్ల మనిషిని అందరూ చీపురు అంటారు. నలభై ఏళ్ళుంటాయి, పొట్ట మీద కీబోర్డు పెట్టుకునేంత నిబ్బరం. ఫ్రేముల్లో పడిన తీగలూ, కాకులూ, హీరోగారి రెండో గడ్డమూ చెరిపెయ్యడం అతని ఉద్యోగం.

“నిన్న నీళ్ళ క్యాన్ మీద చీటీ తుడిచావా బాబూ?”

“తుడిచానండీ” అన్నాడు చీపురు, ఇదేం ప్రశ్న అన్నట్టు. సొరుగులోంచి ఒక పుస్తకం తీశాడు. “నేను బాగా చేస్తే నేనేం చేశానో ఎవరికీ కనబడదు. అందుకని రోజూ రాసుకుంటా. ఇదిగో. సాయంత్రం ఆరూ పది. క్యాన్ మీద ఎర్ర చీటీ. షాటు పొడవు పాతిక వేల పైచిలుకు ఫ్రేములు. నేనే నవ్వుకున్నా. సినిమాలో షాటంటే నూట యాభై ఫ్రేములుంటుంది. ఇదేంటి, ముప్పై ఆరు నిమిషాల షాటు!”

“ఎవరు తుడవమన్నారు?”

“ఎవరో అనక్కర్లేదండీ. కంపెనీ పేరు కనబడితే ఆ కంపెనీవాళ్ళు కేసేస్తారు. అందుకని సిస్టమ్‌లో ఏ షాటు ఎక్కించినా ముందు నా దగ్గరికే వస్తుంది. పేర్లు, బొమ్మలు, చీటీలు అన్నీ తీసేస్తే గానీ ముందుకు పోదు. కెమెరా కదలని షాటు కాబట్టి ఒక్క ముక్క అతికిస్తే చాలు. రెండు నిమిషాల పని, షాటంతా చూడక్కర్లేదు. మన కారిడారే అని తెలుసు. ఆఫీసు ప్రకటనేమో అనుకున్నా.”

“ఎక్కించింది ఎవరు?”

చీపురు పుస్తకంలో చివరి గడి చూశాడు. “సూపర్‌వైజర్ గారు.”

డిటెక్టివ్‌కు అంతా ఒక్కసారిగా అర్థమైంది. అంత పొడుగు షాటును తెల్లారేలోగా తేల్చాలంటే ఒక్క మెషీను చాలదు, రెండర్ గది మెషీన్లన్నీ కావాలి. వాటిని వాడాలంటే సిస్టమ్‌లో ఎక్కించక తప్పదు. ఎక్కించగానే అలవాటు ప్రకారం అది చీపురు దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చాక సూపర్‌వైజర్ తన పని తాను చేసుకున్నాడు. నలుసులు సరిచేశాడు, నీడలు సరిచేశాడు. చీటీ లేదన్న సంగతి అతని కంటికి ఆనలేదు. పదిహేనేళ్ళుగా చీటీల్లేని ఫ్రేములే సరైన ఫ్రేములని నేర్చుకున్న కళ్ళు మరి.

“నువ్వు తుడవకముందు ఉన్న అసలు షాటు?”

“అసలు మీద నేను చెయ్యి వెయ్యనండీ. అది అలాగే ఉంటుంది, పైన ముక్క వేస్తా. నెట్‌వర్క్ నత్తనడక కాబట్టి కాపీ నా మెషీన్లోనే పెట్టుకుంటా. ఇదిగో...” అని తెరిచి, నోరు కూడా తెరిచాడు.

ఫ్రేములు మాయమవుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అని వరసగా, పై నుంచి కిందికి, కళ్ళముందే తగ్గిపోతున్నాయి. రెండు వేలు పోయాయి. మూడు వేలు.

“ఎవరో తమ గదిలోంచి చెరిపేస్తున్నారు!”

“ఆపు!”

“నా చేతిలో లేదండీ, అన్ని మెషీన్ల తాళాలూ సూపర్‌వైజర్ గారికే—”

“తీగ ఏది?” అంది డిటెక్టివ్. చీపురు అప్పటికి బల్ల కింద దూరాడు. అంత శరీరం అంత వేగంగా కదలగలదని ఎవరూ అనుకోలేదు. నెట్‌వర్క్ తీగ పట్టుకుని, గోడలోంచి సాకెట్టుతో సహా పీకేశాడు. తెర మీద అంకె ఆగింది. ఆరు వేల నాలుగొందల ఎనభై. మూడింటి నుంచి మూడూ తొమ్మిది దాకా ఉన్న ఫ్రేములు పోయాయి. మిగతావి అలాగే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ సూపర్‌వైజర్ గది వైపు పరుగెత్తాడు. వదిన మాటకు ఎదురు చెప్పకుండా అతను పరుగెత్తడం అదే మొదలు.

నాలుగూ ఇరవైకి మీటింగ్ రూములో అందరూ చేరారు. సూపర్‌వైజర్‌ను మాత్రం బయట ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు. అతని ఇస్త్రీ నలిగిపోయింది. చీపురు తన మెషీనునే మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అత్తగారు పాపను కోడలి ఒళ్ళో పడేసింది. వద్దని చెప్పే ధైర్యం ఇన్‌స్పెక్టర్‌కు లేకపోయింది.

మూడూ పద్నాలుగు. రెండర్ గదిలోంచి సూపర్‌వైజర్ బయటికి వచ్చాడు. తలుపు మూశాడు, గడియ వేశాడు, జేబురుమాలుతో తుడిచాడు. గాజుమూత ఎత్తి మీట నొక్కి, వెళ్ళిపోయాడు.

మూడూ పాతిక. ఆ అమ్మాయి వచ్చి, చెప్పులు చూసి ఆగి, గడియ మీద చెయ్యి వేసింది. పొద్దున్నుంచీ అందరూ చూసిన ఆ నాలుగు సెకన్లే. కానీ అంతకుముందే గడియ పడి ఉండటం ఇప్పుడందరూ చూశారు. ఆ చెయ్యి గడియను వెయ్యలేదు, తీసింది.

మూడూ ముప్పై మూడు. తలుపు కింద ఏదో కదిలింది. రెక్క జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి, నేలకి ఆనుకుని, నాలుగు వేళ్ళు బయటికి వచ్చాయి. కాసేపు నేలను గీరి లోపలికి జారిపోయాయి. రెక్క వెనక్కి వచ్చి, తెలిసి చూస్తే గానీ కనబడనంత సన్నటి సందు మాత్రం మిగిలింది.



“ఈ వేళ్ళనీ తీసేశాడు వాడు” అన్నాడు చీపురు. “చీటీ తీసినట్టు తీసేశాడు.”

అదే సమయానికి ఇన్‌స్పెక్టర్ ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. వింటూ వింటూ అతను కుర్చీలో కూలబడ్డాడు. అతను నవ్వుతున్నాడని డిటెక్టివ్‌కు తెలియడానికి కొంచెం సమయం పట్టింది. “పెద్దాయన కళ్ళు తెరిచాడట. మాట్లాడుతున్నాడట. గండం గడిచిందన్నారు. సూపర్‌వైజర్ ఇంకెవరిదో సినిమాని ఈ అమ్మాయి షాటు పేరు మీద మెషీన్లలో దొంగతనంగా నడిపిస్తున్నాడట. ఆ నలభై నిమిషాల లెక్క అదీ. అది పట్టుకుని పెద్దాయన అడిగినందుకు తోసి గడియ పెట్టాడు.” గొంతు సవరించుకున్నాడు. “డాక్టరు ఇంకో మాటన్నాడు. ఆ తలుపు సందులోంచి గాలి తగలబట్టి బతికాడట. గడియ ఇంకో పది నిమిషాలు అలాగే ఉండి ఉంటే శవాన్నే తీసేవాళ్ళమన్నాడు. వేలిముద్రలు ప్రాణం తీసినవి అనుకున్నాను. అవి ప్రాణం పోసినవి. నన్ను క్షమించమ్మా.”

అత్తగారు రెండు చేతులూ ఎత్తి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక డిటెక్టివ్‌కు, ఇన్‌స్పెక్టర్‌కు, చీపురుకు, చివరికి బల్ల మీది మెషీనుకు కూడా పెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

కోడలు మాత్రం తెర మీంచి కళ్ళు తిప్పలేదు. పాప అప్పటికే కొంగు కింద దూరి గుటకలు వేస్తోంది.

“తలుపు తీసి చూడాల్సిందండీ” అంది ఆ అమ్మాయి. “లోపల పడి ఉన్నాడు. అంత దగ్గరగా నిలబడ్డాను. కోపమొచ్చి లోపలికి తొంగి కూడా చూడలేదు.”

డిటెక్టివ్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ అమ్మాయి కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“అంత కోపంలోనూ గడియ తీశావు కదమ్మా” అంది.